చీకటే బంధువైన రోజుల్లో మొర పెట్టడం ఎలా

88వ కీర్తన ఆఖరి మాట తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: "చీకటియే నాకు బంధువర్గమాయెను." కీర్తన అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత "అయినను" లేదు, స్తోత్రం లేదు, హల్లెలూయ లేదు. హెబ్రీలో అయితే చీకటి అన్న మాటే చిట్టచివరిది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో ఈ వచనం ఎవరి చేతికీ రాదు. గోడ క్యాలెండరు మీద కూడా కనపడదు. అయినా ఇది దేవుని ప్రజలు పాడుకున్న పాటే. ఎజ్రాహీయుడైన హేమాను పేరు, "ప్రధాన గాయకునికి" అన్న మాట పైనే రాసి ఉన్నాయి. అంటే ఎవరో ఒంటరిగా గదిలో రాసుకుని దాచుకున్నది కాదు, నలుగురిలో పాడడానికి ఇచ్చినది.

150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. మీ సంఘంలో పోయిన నాలుగు ఆదివారాలు పాడిన పాటలు ఒకసారి గుర్తు చేసుకోండి, అందులో ఆ పాలు ఎంతుందో చూడండి. ఇంట్లో చావు జరిగిన రోజున మనకు ప్రార్థనలో మాట పెగలకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నేను నమ్ముతాను. మామూలు రోజుల్లో ఆ మాటలు నోటికి అలవాటు కాలేదు. అలవాటు లేని మాట ఆపదలో రాదు.

ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్న విశ్వాసుల కోసం, వాళ్లను పలకరించడానికి వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విలాప ప్రార్థన నేర్చుకుంటే వచ్చేదే. దానికొక పద్ధతి ఉంది, దారి తప్పే చోట్లు కూడా ఉన్నాయి.

మొదట మన సొంత ఇంటి సంగతి. శోకం తెలుగువాళ్లకు కొత్త కాదు. పల్లెల్లో ఆడవాళ్లు రాగం తీసి శోకాలు పెట్టి ఏడ్చేటప్పుడు జాగ్రత్తగా వింటే, అందులో పోయిన మనిషి తిన్న ముద్ద ఉంటుంది, కట్టిన బట్ట ఉంటుంది, పొద్దున్నే నడిచిపోయిన గట్టు ఉంటుంది. ఒకామె ఎత్తుకుంటే పక్కనామె అందుకుంటుంది. దుఃఖాన్ని వివరాలతో, వరుసతో, నలుగురితో కలిసి చెప్పడం మన అమ్మమ్మలకు వచ్చు. క్రైస్తవ ఇళ్లల్లో మాత్రం దాన్ని ఆపేశాం. "ఏడవకండమ్మా, మహిమలోకి వెళ్లారు", "నిరీక్షణ లేనివాళ్లలా ఏడిస్తే సాక్ష్యం పోతుంది" అంటాం. పెట్టె పక్కన కూర్చున్న మనిషి నోట్లో కొంగు కుక్కుకుని స్తోత్రం చెబుతుంది.

పౌలు అలా చెప్పలేదు. 1 థెస్సలొనీకయులు 4:13లో ఆయన వద్దన్నది "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడడాన్ని. దుఃఖాన్నే వద్దని ఉంటే ఆ "వలె"తో పనే లేదు. స్తెఫను చనిపోయినప్పుడు భక్తిపరులు అతన్ని సమాధి చేసి చాలా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8:2 చెబుతుంది. యేసు లేచాక జరిగిన సంగతి అది, పునరుత్థానం తెలిసిన సంఘం చేసిన పని అది. యిర్మీయా 9:20లో అయితే స్త్రీలను పిలిచి, మీ కుమార్తెలకు రోదనం నేర్పండి, పక్కింటి ఆమెకు అంగలార్పు నేర్పండి అని చెప్పడం కనిపిస్తుంది. లాజరును మరి కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా "యేసు కన్నీళ్లు విడిచెను." ఆయన కన్నీళ్లకు లేని నామోషీ మన కన్నీళ్లకు ఎందుకు?

శోకంలో మార్చుకోవలసింది ఒక్కటే, దిక్కు. ఊరి శోకం పోయినవాళ్లను పిలుస్తుంది: "నన్నొదిలి పోయావా" అని. బైబిలు విలాపం అదే మాటను దేవుని వైపు తిప్పుతుంది: "నువ్వెందుకు వదిలేశావు" అని. సిలువ మీద యేసు 22వ కీర్తన ఎత్తుకున్నది అలాగే. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." తెలుగులో ఆ "చెయ్యి విడవడం" అన్న మాట ఎంత బలమైనదో సంతలో చెయ్యి తప్పిపోయిన పిల్లల తల్లిదండ్రులకు తెలుస్తుంది. చెయ్యి విడిచావని అంటూనే "నా దేవా" అని రెండుసార్లు పిలిచాడు.

ఇక్కడే ఒక అనుమానం వస్తుంది: ఇది సణుగుడు కాదా? ఐగుప్తు నుంచి బయటికి వచ్చి అరణ్యంలో సణిగిన ఇశ్రాయేలీయులు నశించారు కదా? తేడా ఉంది. సణిగేవాళ్లు దేవుని గురించి గుడారాల్లో ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, ఐగుప్తుకు తిరిగి పోదామన్నారు. మొర పెట్టేవాడు ఆ మాటే, అంతకంటే ఘాటైన మాట కూడా, దేవునికే చెబుతాడు. ఆయన ఎదుటి నుంచి లేచిపోడు. యోబు అన్న మాటలు స్నేహితులకు దైవదూషణలా వినిపించాయి. చివరికి 42:7లో దేవుడు తప్పుపట్టింది ఆ స్నేహితులను, యోబును కాదు.

ఆరు వచనాల పాఠం

మొదలుపెట్టడానికి 13వ కీర్తన మంచిది. ఆరే వచనాలు, గట్టిగా చదివినా నిమిషం పట్టదు. మొదటి రెండు వచనాల్లో "ఎంతవరకు" అన్న ప్రశ్న నాలుగుసార్లు ఉంది. తెలుగులో మాట కాస్త కాస్త మారినా హెబ్రీలో అదే మాట నాలుగుసార్లు. ఆ నాలుగూ ఎవరి వైపు వెళ్తున్నాయో చూడండి. మొదటి రెండూ దేవుని మీద: నన్ను మరచిపోయావు, నీ ముఖం తిప్పుకున్నావు. మూడోది తన లోపలికి: పగలంతా గుండెలో దుఃఖం. నాలుగోది బయటికి: శత్రువు నా మీద హెచ్చుతున్నాడు. దుఃఖానికి ఈ మూడు ముఖాలూ ఉంటాయి. మనలో చాలామంది రెండోదీ మూడోదీ చెప్పుకుని, మొదటిది మింగేస్తారు. దేవుని మీద ఉన్న మాట మింగడం భక్తి అనుకుంటారు. మింగిన మాట కడుపులోనే ఉంటుంది. కొన్నాళ్లకు ప్రార్థనకు కూర్చోబుద్ధి కాదు, బైబిలు తెరవబుద్ధి కాదు, ఎందుకో తెలియదు. విశ్వాసం చల్లారిందని అనుకుంటారు గాని, నిజానికి అది చెప్పని మాట.

3, 4 వచనాల్లో విన్నపం ఉంది. అడిగింది కొంచెమే: నన్ను చూడు, జవాబియ్యి, నా కళ్లకు వెలుగియ్యి. వెంటనే కారణం చెబుతాడు, లేకపోతే నేను మరణనిద్ర పోతాను, శత్రువు గెలిచానంటాడు అని. కారణం చూపించి అడగడం పిల్లలు తండ్రిని అడిగే తీరు.

5వ వచనం "నేనైతే" అని మొదలవుతుంది. పరిస్థితి ఏమీ మారలేదు. శత్రువు పోలేదు, జవాబు వచ్చినట్టు ఎక్కడా లేదు. ఆ ఒక్క "అయితే" మీద కీర్తన మొత్తం తిరుగుతుంది: నేనైతే నీ కృపను నమ్ముకున్నాను. మనం తప్పు చదివేది సరిగ్గా ఇక్కడే. 4వ వచనానికీ 5వ వచనానికీ మధ్య ఎంతకాలం గడిచిందో కీర్తన చెప్పదు. పేజీ మీద ఒక గీత దూరమే కాబట్టి, ఒక్క పూట ప్రార్థనలో ఏడుపు నుంచి స్తుతికి వచ్చేయాలని అనుకుంటాం. రాకపోతే మన విశ్వాసం తక్కువని కుంగిపోతాం. ఆ మధ్యలో ఆరు నెలలు ఉండవచ్చు, ఆరేళ్లు ఉండవచ్చు.

ఒక పేజీ ఎలా రాయాలి

నోటు పుస్తకం, పెన్ను చాలు. ఫోనులో వద్దు. రాస్తుండగానే ఎవరో ఒకరు సంతాపం మెసేజ్ పెడతారు, మనసు అటు పోతుంది. పైన తేదీ వేయండి, ఇది ముఖ్యం, తర్వాత పనికొస్తుంది. 20 నిమిషాలు పెట్టుకోండి, అంతకు మించి వద్దు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ గాని, పిల్లలు స్కూలుకు పోయాక గాని బాగుంటుంది. అర్ధరాత్రి నిద్ర పట్టక లేచి రాయడం మొదటి వారాల్లో మంచిది కాదు. అలసిన ఒంట్లో దుఃఖం పెద్దదవుతుంది, ఆపడం చేతకాదు. ఆ వేళలో కొత్తగా ఏమీ రాయక, పగలు చదివిన కీర్తననే మెల్లగా పైకి చదువుకోండి.

కూర్చున్నాక 13వ కీర్తన రెండుసార్లు గట్టిగా చదవండి. పెదవులు కదలాలి. హన్నా ప్రార్థనలో స్వరం వినపడకపోయినా పెదవులు కదిలాయి. ఏలీ చూసి మత్తులో ఉందనుకున్నాడు, మీ ఇంట్లోవాళ్లు ఏమనుకున్నా ఫరవాలేదు.

తర్వాత పిలుపు రాయండి. మీ నోటికి నిజంగా వచ్చే పేరుతోనే దేవుణ్ణి పిలవండి. నాన్న పోయిన వారంలో "తండ్రీ" అన్న మాట గొంతులో అడ్డుపడితే "ప్రభువా" అనండి. 88వ కీర్తనంతా చీకటే గాని మొదటి గీతలో మాత్రం నా రక్షణకర్తవైన దేవా అని పిలుస్తాడు. ఆ కీర్తనలో ఉన్న నమ్మకమంతా ఆ పిలుపులోనే ఉంది.

ఆ కింద మొర. ఎనిమిది, పది గీతలు రాయండి. ఇక్కడ ఒక్క నియమం: ప్రతి గీతలో కంటికి కనపడేదో చెవికి వినపడేదో ఒకటి ఉండాలి. "ప్రభువా, మా బాధలన్నీ నీకు తెలుసు, మమ్మల్ని ఆదరించు" అనేది మొర కాదు, అది మొరను తప్పించుకునే మాట. అది ఏ ఇంటికైనా సరిపోతుంది, అందుకే ఏ ఇంటిదీ కాదు. నమూనాకి ఒక పేజీ కింద ఇస్తున్నాను, భర్త పోయి 5 వారాలైన ఇల్లాలు రాసుకున్నదనుకోండి.

ప్రభువా,
ఐదు వారాలైంది. నువ్వు చూస్తున్నావో లేదో నాకు తెలియడం లేదు.
పదకొండు రోజులు ఆసుపత్రి బయట సంఘమంతా ఉపవాసం ఉండి అడిగాం. విన్నావా? వింటే ఎందుకు ఊరుకున్నావు?
సాయంత్రం ఆరున్నరకి సందులో బండి చప్పుడైతే చిన్నది గుమ్మం దాకా పరిగెత్తి ఆగిపోతోంది. రోజూ ఆగిపోతోంది.
ఆయన చొక్కా ఉతకాలో వద్దో తేల్చుకోలేక దండెం మీదే ఉంచాను.
బియ్యం కొలిచేటప్పుడు నాలుగో గ్లాసు దగ్గర చెయ్యి ఆగిపోతోంది.
చీటీ డబ్బు ఎవరి దగ్గర ఎంతుందో ఆయనకే తెలుసు. అడిగితే తర్వాత మాట్లాడదామంటున్నారు.
ఎంతవరకు ప్రభువా?
ఈ రాత్రి నాలుగు గంటలైనా నిద్ర పట్టనివ్వు. చీటీ లెక్క తెలిసిన మనిషినొకరిని పంపు. చిన్నది పరిగెత్తినప్పుడు దాని ముందు నేను కూలబడిపోకుండా పట్టుకో.
నేనైతే

ఆ తర్వాత ఖాళీ. మర్చిపోయి వదిలింది కాదు, ఆ రోజుకు రాయగలిగింది అంతే. విన్నపాలు చూడండి, మూడే, మూడూ చిన్నవే. రేపు పొద్దుటికి వచ్చిందో లేదో తెలిసేవి. "నా దుఃఖమంతా తీసేయి" అని అడిగితే వచ్చిందో రాలేదో ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే మరో నిరాశ అవుతుంది.

"నేనైతే" పక్కన ఏదైనా రాయగలిగితే, మనసులో కలిగే భావం కాక ఒక జరిగిన పని రాయండి. "నేనైతే నీలో ఆనందిస్తున్నాను" అని అబద్ధం రాయనక్కర్లేదు. "నేనైతే ఇవాళ కూడా నీ దగ్గరికే వచ్చాను" అన్నది నిజం, అది చాలు. ఏమీ రాకపోతే రెండు గీతలు వదిలి ఆమేన్ అని రాసి పుస్తకం మూయండి. లేచి ముఖం కడుక్కుని మంచినీళ్లు తాగండి. ఏదైనా చేతి పని అందుకోండి, కూర తరగడమో బట్టలు మడతపెట్టడమో. మొర నుంచి లేవడానికి కూడా ఒక పద్ధతి ఉండాలి. లేకపోతే రేపు మళ్లీ కూర్చోవడానికి భయం వేస్తుంది.

వారానికి మూడు రోజులు చాలు. ఒక వారమంతా ఒకే కీర్తన పెట్టుకోండి. 13 తర్వాత 42, 43 కలిపి చదవండి, "నా ప్రాణమా, నీవేల కృంగియున్నావు" అన్న ప్రశ్న రెంటిలో కలిపి మూడుసార్లు వచ్చేచోటు అది. తర్వాత 77, తర్వాత 22. 88 మాత్రం, "నేనైతే" పక్కన వారాల తరబడి ఏమీ రాక మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నప్పుడు తెరవండి. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో చేర్చారన్నదే అప్పుడు ఆదరణ.

రాయడం బొత్తిగా రానివాళ్లకు విలాపవాక్యముల పద్ధతి ఒకటుంది. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిన తర్వాతి ఏడుపు ఆ పుస్తకం. ఐదు అధ్యాయాలు. 1, 2, 4 అధ్యాయాల్లో 22 వచనాల చొప్పున, హెబ్రీ అక్షరాలు 22 గనుక ఒక్కో అక్షరంతో ఒక్కో వచనం మొదలవుతుంది. 3వ అధ్యాయంలో అక్షరానికి మూడు చొప్పున 66. ఊరు తగలబడిపోయినవాడు అక్షరక్రమం ఎందుకు పాటించాడు? దుఃఖానికి అంతు కనపడనప్పుడు అక్షరమాల ఒక హద్దు ఇస్తుంది. మొదలు నుంచి చివరిదాకా చెప్పాను అనిపిస్తుంది. మనమూ చేయవచ్చు. రోజుకొక అచ్చు. అ అంటే అన్నం, ఆ అంటే ఆసుపత్రి, ఇ అంటే ఇల్లు, ఊ అంటే ఊపిరి. ఆ మాటతో మొదలుపెట్టి ఒక్క వాక్యం దేవునితో అనాలి. అ నుంచి ఔ వరకు 12 రోజులు పడుతుంది. ఋ దగ్గర ఋణం అని రాయాలనిపిస్తే 13.

ఆ పుస్తకం 5వ అధ్యాయంలో కూడా 22 వచనాలున్నాయి గాని అక్షరక్రమం తప్పిపోయింది. క్రమం కూడా పట్టలేనంత అలసట అనిపిస్తుంది నాకు. ఆయన వాత్సల్యత ప్రతి ఉదయం నూతనంగా పుడుతుందన్న మాట మనం ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తాం. అది 3వ అధ్యాయం నడుమ ఉంది. దాని తర్వాత ఇంకా ఎంతో ఏడుపు ఉంది. పుస్తకం ముగిసేది, మమ్మల్ని బొత్తిగా విసర్జించావా అన్న బాధతోనే. యూదులు సమాజమందిరంలో చదివేటప్పుడు అక్కడ ఆపలేక ముందరి వచనాన్ని, మమ్మల్ని నీ వైపు తిప్పుకో అన్న 5:21ని, మళ్లీ ఒకసారి చదువుతారు.

దారి తప్పే చోట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది తొందర. మూడో రోజుకే సాక్ష్యం చెప్పమంటారు. కూడికలో మైకు చేతికిస్తారు. ఆ మనిషి "దేవుడు బలపరిచాడు" అంటుంది, అందరూ స్తోత్రం అంటారు, ఇక ఆ తర్వాత ఏడవడానికి వీలు ఉండదు, ఎందుకంటే బలపడ్డానని అందరి ముందూ చెప్పేసింది. దయచేసి మైకు ఇవ్వకండి. మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు, అహరోను కోసమూ అంతే. సంఘం మొత్తానికి ఒక నెల.

రెండోది లేని పాపాన్ని వెతుక్కోవడం. 51వ కీర్తన పాపపు ఒప్పుకోలు, 44వ కీర్తన అది కాదు. ఇదంతా మా మీదికి వచ్చినా మేము నిన్ను మరువలేదు అని 44:17 చెబుతుంది. దశమభాగం ఇవ్వలేదనో, ఫలానా పెళ్లికి వెళ్లామనో దేవుడు మనిషిని తీసుకుపోయాడని అనుకుంటూ క్షమాపణలు రాయకండి. నిజంగా ఒప్పుకోవలసింది ఉంటే దాన్ని వేరే రోజు, వేరే పేజీలో ఒప్పుకోండి. రెండూ కలిపితే మొర కాస్తా తనను తాను కొట్టుకోవడం అయిపోతుంది.

ప్రమాదంలోనో, ఎవరి నిర్లక్ష్యం వల్లనో పోయినప్పుడు కోపం సంగతి వేరు. 109వ కీర్తనలోని శాపాలు చదివి భయపడతాం. దావీదు ఆ మాటలన్నీ కత్తి పట్టుకుని అనలేదు, దేవుని ముందు అన్నాడు. పగ తీర్చడం నా పని అని దేవుడు అన్నాడు గనుక, ఆ పగను ఆయన బల్ల మీద పెట్టడమే ఆ ప్రార్థన. బండి నడిపినవాడి మీద ఏముందో దాచకుండా రాయండి, చివర "ఇది నీకు అప్పగిస్తున్నాను" అని రాయండి. ఆ ఒక్క వాక్యం మర్చిపోతే పేజీ మొత్తం పగను పెంచే ఎరువవుతుంది. మొర పెట్టడం అంటే కేసు పెట్టకపోవడం కాదని కూడా చెప్పాలి. ఎఫ్ఐఆర్ కాపీ, ఇన్సూరెన్సు క్లెయిము, మరణ ధ్రువీకరణ పత్రం, ఇవన్నీ చేయవలసిన సమయానికి చేయాలి. సంఘంలో కాగితాలు తెలిసిన ఒక మనిషి ఆ పని భుజాన వేసుకుంటే అది పది ప్రార్థనలంత ఆదరణ.

మొర తీర్చలేనిది కూడా ఒకటుంది. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలని లేకపోవడం ఆత్మీయ బలహీనత అని సరిపెట్టకండి. ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దూత వాక్యం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ పెట్టాడు. దేవుని స్వరం ఆ తర్వాత, హోరేబులో. డాక్టరు దగ్గరికి వెళ్లండి. 14416కి ఫోను చేయవచ్చు, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న మాట ఎవరైనా అంటే ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకండి.

నలుగురితో కలిసి

పలకరించడానికి వెళ్లేవాళ్లకు యోబు స్నేహితుల మొదటి వారమే పాఠం. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. నోరు తెరిచాకే చెడింది. రోమా 12:15 "ఏడ్చువారితో ఏడువుడి" అంది, ఏడ్చేవారికి వివరించమనలేదు. రోమా 8:28 చేతిలో పెట్టుకుని వెళ్తాం, సమస్తమూ మేలుకే అని. దానికి ముందు 22 నుంచి 26 వరకు సృష్టి మూలుగుతోంది, మనం మూలుగుతున్నాం, ఆత్మ కూడా ఉచ్చరించలేని మూలుగులతో మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడు. ఆ మూలుగులు దాటకుండా 28కి దూకితే ఆ వచనం రాయిలా తగులుతుంది.

ఆదరణ కూడికలో పది నిమిషాలు విలాపానికి ఇవ్వండి అయ్యగారూ. ప్రసంగం సగం చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. "ఇప్పుడు చనిపోతే మీరెక్కడికి వెళ్తారు" అన్న పిలుపు ఆ రోజుకు వద్దు, వేరే ఆదివారాలు చాలా ఉన్నాయి. 13వ కీర్తనను ఒకరు ఒక గీత, అందరూ ఒక గీత చదవాలి. తర్వాత ఇంటివాళ్లలో ఎవరైనా, లేదా వాళ్ల తరఫున ఒకరు, వివరాలతో రెండు మూడు మాటలు దేవునితో చెబుతారు. ప్రతి మాటకూ సంఘం "ఎంతవరకు ప్రభువా" అంటుంది. ఆపైన రెండు నిమిషాలు నిశ్శబ్దం. నిశ్శబ్దంలో కీబోర్డు కుర్రాడు మెల్లగా శ్రుతి పట్టుకుంటాడు, అలవాటు పాపం. ముందే చెప్పి ఉంచండి, ఆ రెండు నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకోమని. సంగీతం ఏడుపును ముందుకు తోస్తుంది గాని దాన్ని ఉండనివ్వదు.

పిల్లల దగ్గర "దేవుడికి మంచివాళ్లు కావాలి, అందుకే నాన్నను తీసుకున్నాడు" అనకండి. ఆ మాట విన్న పిల్ల దేవుణ్ణి దొంగనుకుంటుంది, మంచిగా ఉంటే తననూ అమ్మనూ తీసుకుపోతాడని భయపడుతుంది. నాన్న చనిపోయాడు అనే మాటే వాడండి, నిద్రపోయాడు అంటే పడుకోవడానికి భయపడతారు. పడుకునే ముందు ఒక్క వాక్యం చాలు: "దేవా, నాకు ఇవాళ ఫలానాప్పుడు ఏడుపొచ్చింది." పెద్దవాళ్లు దాన్ని సరిదిద్దకుండా ఆమేన్ అనాలి.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి రాలేకపోయినవాళ్ల దుఃఖం ప్రత్యేకంగా చెప్పాలి. టికెట్టు దొరక్క, సెలవు దొరక్క, అమ్మ భూస్థాపన వీడియో కాల్లో చూస్తారు. మట్టి వేసే చప్పుడు వినపడేలోపు నెట్ పోతుంది. ఎనిమిదిమంది ఉండే గదిలో గట్టిగా ఏడవడానికి చోటు కూడా ఉండదు. 42వ కీర్తన వాళ్లదే. రాసినవాడు యొర్దాను ప్రాంతంలో, హెర్మోను దగ్గర, ఇంటికీ మందిరానికీ దూరంగా ఉన్నాడు. జనంతో కలిసి పాడుకుంటూ వెళ్లిన రోజులు గుర్తుచేసుకుని ఏడుస్తున్నాడు. మీరూ అదే చేయండి. అమ్మతో గుడికి నడిచిన దారి రాయండి, ఏ సందు, ఏ చెట్టు, చేతిలో బైబిలు సంచి ఏ రంగు. ఊళ్లో ఎవరితోనైనా ఫోనులో ఆ కీర్తన చదివించుకుని, వాళ్లు ఒక గీత, మీరు ఒక గీత అనండి. కాల్ కట్ అయినా మిగతాది మీరే పూర్తి చేయండి.

నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్లేవాళ్లు నోటు పుస్తకం కూడా సంచిలో వేసుకోండి. సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించాక, తేదీ చూసుకుని మొదటి పేజీ తీసి అక్కడ పైకి చదవండి. అడిగిన విన్నపాల్లో జవాబు వచ్చిన వాటి పక్కన చిన్న గీత పెట్టండి, రానివి మళ్లీ అడగండి. "నేనైతే" పక్కన వదిలిన ఖాళీలో ఇప్పుడు ఏదైనా రాయగలిగితే, ఆ రోజు తేదీ వేసి రాయండి.